పదకొండు గంటల నలభై నిమిషాలు

మా తాతయ్య రాజబాబు నీళ్ళ అడుగున ఏకబిగిన పదకొండు గంటల నలభై నిమిషాలు ఉన్నాడు. ఈ అండమాన్ దీవుల్లోనే కాదు, సముద్రమున్న ఏ దేశంలోనూ అంతసేపున్న మనిషి ఇంకొకడు లేడు. తాబేలు కూడా మధ్యలో నాలుగుసార్లు పైకొచ్చి ఊపిరి పీల్చుకు వెళ్తుంది. మా తాతయ్య రాలేదు. పైగా ఇది ఏదో ఒక్కరోజు చేసిన ఘనకార్యం కాదు. ఒకే నెలలో పద్దెనిమిది సార్లు చేశాడు. దీనికి సాక్షి మా నానమ్మ కాదు, పాస్టరు గారు కాదు. అబద్ధమాడడం చేతకాని ఒక మిషను.

ఈ సంగతి తాతయ్య ఎవరికీ చెప్పుకోడు. వినయం వల్ల మాత్రం కాదు.

రాజబాబు భీమిలి దగ్గర పల్లె నుంచి పంతొమ్మిదో ఏట ఓడెక్కి పోర్ట్‌బ్లెయిర్ వచ్చాడు. జెట్టీలు చూసుకునే సర్కారు ఆఫీసులో ఖలాసీగా చేరి నాలుగేళ్ళలో డైవరయ్యాడు. జెట్టీ స్తంభాలకి నీళ్ళ కింద ఎక్కడ పగుళ్ళొచ్చాయో తడిమి చూడడం, బోటు పంకాకి చుట్టుకున్న తాళ్ళు కోయడం, పైవాళ్ళు జారవిడిచినవి వెతికి తేవడం ఆయన పని. ఒకసారి ఓడ దిగుతూ గట్టిగా తుమ్మిన ఒక పెద్దమనిషి పళ్ళసెట్టు కూడా తెచ్చిచ్చాడు. ఆయన దాన్ని అక్కడికక్కడే నోట్లో పెట్టుకుని థాంక్స్ చెప్పాడట.

నీళ్ళ కింద ఎంతసేపయిందో తెలుసుకోవడానికి రాజబాబుకి ఒక పద్ధతి ఉండేది. చర్చిలో పాడే కీర్తన ఒకటుంది, తొమ్మిది చరణాలది. ప్రతి చరణానికీ పల్లవి తిప్పుకుంటూ మనసులో తాపీగా పాడుకుంటే సరిగ్గా ఇరవై నిమిషాలు పడుతుంది. లోతు తక్కువైతే రెండుసార్లు పాడేవాడు, ఎక్కువైతే ఒక్కసారే. చివరి చరణం కాగానే నడుముకు కట్టిన తాడు రెండుసార్లు లాగేవాడు, పైనున్నవాళ్ళు అందుకునేవారు. పాతికేళ్ళు అలాగే గడిచాయి.

"మధ్యలో పల్లవి మర్చిపోతే నా గతేటి?" అనేది నానమ్మ మేరమ్మ.

"మర్చిపోను."

"చర్చిలో అయితే మూడో చరణానికే నిద్రపోతావు గదా."

"చర్చిలో ఊపిరికి కొదవ లేదు గదే," అనేవాడు రాజబాబు.

సునామీ వచ్చేనాటికి వాళ్ళిల్లు సిప్పీఘాట్‌లో ఉండేది. క్రిస్మస్ మర్నాడు పొద్దున్నే భూమి ఊగింది, తర్వాత సముద్రం పొలాల మీదుగా నడుచుకుంటూ వచ్చి ఇంట్లో కూర్చుంది. మనుషులు బతికారు. కానీ అక్కడ నేలే కిందికి దిగిపోవడంతో ఆ నీళ్ళు మళ్ళీ పూర్తిగా వెనక్కి వెళ్ళలేదు. పోటు వచ్చినప్పుడల్లా మంచం కింద చేపపిల్లలు తిరిగేవి. ఇనప మంచం, సైకిలు, ట్రంకు పెట్టె నెల తిరక్కుండానే ఎర్రగా తుప్పు పట్టి చేతికి రాలిపోయాయి. నానమ్మ కుట్టుమిషను ఒక్కటే మిగిలింది. దాన్ని ఆమె ఆ సాయంత్రమే మంచినీళ్ళ తొట్టిలో ముంచి, రాత్రంతా ఉంచి, పొద్దున్న తుడిచి నూనె పట్టించింది. మిగతా సామానంతా పోయి ఆ మిషను మాత్రం టకటకా కుడుతుంటే చూసి రాజబాబు ఇంట్లో ఒక శాసనం చేశాడు.

"ఇక మీదట సముద్రం ముట్టింది ఏదైనా సరే, మంచినీళ్ళలో ఒక రాత్రి నిద్ర చెయ్యాల్సిందే."

ఆ శాసనాన్ని నానమ్మ బైబిలు వాక్యంలాగా పట్టుకుంది. ఆయన గాలి గొట్టాలు, కత్తి, బెల్టు బకిల్సు, చివరికి చెప్పుల జత కూడా రాత్రిళ్ళు నీళ్ళలోనే నిద్ర చేసేవి.

ఆ నీళ్ళ సంగతి కూడా చెప్పాలి. ఇల్లు మునిగిన రెండో రోజున ఆఫీసు జీపు వేసుకుని వచ్చినవాడు దుర్గారావు, ఆఫీసులో స్టోర్‌కీపరు. "రాజన్నా, ఇంకా ఆ గడప పట్టుకుని ఏం చూస్తావు, ఎక్కు," అని పిల్లలతో సహా నలుగురినీ జీపులో వేసుకుని మిన్నీ బేలోని తన క్వార్టరుకి తీసుకుపోయాడు. ఉన్నవి రెండు గదులు. ఒకటి వీళ్ళకిచ్చాడు. ఏడాది దాటినా ఎప్పుడు వెళ్తారని అడగలేదు. ఆయన భార్య శేషమ్మా, నానమ్మా ఒకే పొయ్యి మీద వండేవారు. శనివారం శేషమ్మ ఉపవాసం కాబట్టి నానమ్మ ఆ రోజు చేప ఇంట్లోకి రానిచ్చేది కాదు. ఆదివారం నానమ్మ చర్చి నుంచి వచ్చేసరికి శేషమ్మ అన్నం వార్చి పెట్టేది. పెరట్లో నీలం రంగు డ్రమ్మొకటి ఉండేది, నడుమెత్తున. పైపులో నీళ్ళు మూడు రోజులకోసారి వచ్చేవి. చాలనప్పుడు దుర్గారావు ట్యాంకరు దగ్గర నిలబడి క్యాన్లు భుజాన మోసుకొచ్చి ఆ డ్రమ్ము నింపేవాడు. డ్రమ్ము ఆయనదే, అందులో నీళ్ళూ ఆయన మోసినవే.

సునామీ మరుసటి ఏడాది వానలు వెనకబట్టాక, విరిగిన జెట్టీలన్నీ చూడడానికి మెయిన్‌లాండ్ నుంచి కొత్త ఇంజనీరొచ్చాడు. ఆయన వెంట రెండు డైవ్ కంప్యూటర్లు వచ్చాయి. పేరు విని బల్ల మీద పెట్టే టీవీ లాంటిదేదో వస్తుందని రాజబాబు అనుకున్నాడు. తీరా చూస్తే చేతికి కట్టుకునే గడియారమంత ఉంది. ఎంత లోతులో ఉన్నావు, ఎంతసేపయింది, ఇంకా ఎంతసేపు ఉండొచ్చు, ఎంత నెమ్మదిగా పైకి రావాలి, అన్నీ అదే చెబుతుంది. ఒకటి రాజబాబుకి, రెండోది ఫణికుమార్‌కి ఇచ్చారు. ఫణికుమార్ అప్పుడే చేరిన కుర్ర డైవరు, శేషమ్మ తమ్ముడి కొడుకు. రాజబాబు దగ్గరే పని నేర్చుకుని ఆయన్ని ఉస్తాద్ అని పిలిచేవాడు.

ఇంజనీరు సాబ్ అందరినీ పిలిచి రెండు మాటలు చెప్పాడు. మిషను వెలగకపోతే డైవరు నీళ్ళలో దిగకూడదు. నెలాఖరుకి మిషను లోపల పది డైవులు చూపించలేనివాడు ఇక పైన కూర్చుని తాడు పట్టుకోవాలి.

రాజబాబుకి అప్పుడు యాభై ఏళ్ళు. నీళ్ళ పైన ఆయన ఇల్లు మునిగినవాడు, ఇంకొకరి క్వార్టర్లో ఒక గదిలో తలదాచుకున్నవాడు. నీళ్ళ కింద మాత్రమే ఉస్తాద్. అదొక్కటీ పోతే ఇక మిగిలేదేమీ లేదని ఆయనకి తెలుసు.

"ఉస్తాద్, నేను సెట్ చేసి ఇయ్యనా? దో మినట్ కా కామ్," అన్నాడు ఫణికుమార్.

"నువ్వు ముక్కు తుడుచుకోడం నేర్చుకునేటప్పటికే నేను ముప్పై మీటర్లు దిగొచ్చాన్రా. చల్, జా," అన్నాడు రాజబాబు.

ఆ రెండు నిమిషాల పనికి ఆయనకి మూడు సాయంత్రాలు పట్టింది. మిషనుతో వచ్చిన పుస్తకం ఆరు భాషల్లో ఉంది. అందులో తెలుగు లేదు, హిందీ లేదు. ఇంగ్లీషు ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుని చదవగలడు గానీ, వాక్యం చివరికొచ్చేసరికి మొదలు మర్చిపోయేవాడు. మిషనుకి ఉన్నవి రెండే బటన్లు. పొట్టిగా నొక్కితే ఒక అర్థం, పొడుగ్గా నొక్కితే ఇంకో అర్థం. ముందు తేదీ పెట్టాలి. వసారాలో చాప మీద కూర్చుని, నాలిక పళ్ళ మధ్య పెట్టుకుని, ఏడాది మార్చడం మొదలుపెట్టాడు. బొటనవేలు లావుది. ఆగాల్సిన చోట ఆగలేదు.

"ఏమయ్యా, ఎందాకా వచ్చావు?" అంది నానమ్మ చేప ముళ్ళు తీస్తూ.

"రెండువేల అరవై."

"అప్పటికి మనం ఉండం. వెనక్కి రా."

"ఎనక్కి రాదే ఇది. ముందుకే పోద్ది. తొంభై తొమ్మిది దాకా పోయి మళ్ళీ మొదటికొస్తాది."

"అయితే దారిలో ప్రభువు రెండో రాకడ ఏ ఏడో కనిపిస్తే చెప్పు, బట్టలు సర్దుకుంటాను."

లోపల్నుంచి శేషమ్మ కేకేసింది. "వదినా, ఆ రోజు మీవాళ్ళనే తీసుకుపోతారా, మమ్మల్ని కూడానా?"

"నువ్వు లేకపోతే అక్కడ అన్నం ఎవరు వారుస్తారు, నువ్వూ రా," అంది నానమ్మ.

రాజబాబు నవ్వలేదు. రెండువేల తొంభై తొమ్మిది మూడుసార్లు చూసి వచ్చాడు. తర్వాత మిషను అడుగుల్లో కొలుస్తోందని తెలియక, పన్నెండు మీటర్ల దగ్గర ముప్పై తొమ్మిది అని చూపిస్తే అవి మీటర్లనుకుని, కీర్తన మధ్యలోనే ఆపి పైకి వచ్చేశాడు. ఏమైందని బోటులో అందరూ అడిగితే సొరచేప అన్నాడు. చివరికి ఎలాగో మీటర్లలోకి మార్చాడు. మర్నాడు పద్నాలుగు మీటర్లు దిగి, కీర్తన ఒకటిన్నర సార్లు పాడుకుని పైకొస్తే మిషను ముప్పై ఒక్క నిమిషాలు చూపించింది.

"నా కీర్తన కంటే ఒక్క నిమిషం ఎక్కువ. కొత్తది గదా, నేర్చుకుంటాదిలే," అని బోటులో అందరికీ చెయ్యెత్తి చూపించాడు.

వారం తిరగలేదు, మిషను చచ్చిపోయింది.

పుస్తకం ప్రకారం ఒక సెల్లు ఏడాది రావాలి. రూపాయి బిళ్ళంత సెల్లు. ఆ సైజుది బజారులో ఎక్కడా దొరకదు, మిషన్లతో పాటు ఓడలో వచ్చినవే ఆరు స్టోర్లో ఉన్నాయి. దుర్గారావు డబ్బాలోంచి ఒకటి తీసిచ్చాడు. రాజబాబు వెనక మూత నాణెంతో తిప్పి, రబ్బరు రింగు జారిపోతే చాప కింద వెతికి, సెల్లు తిరగేసి పెట్టి, మళ్ళీ సరిగా పెట్టి, తేదీ మొదటికి పోయిందని చూసి, మళ్ళీ రెండువేల తొంభై తొమ్మిది దాకా వెళ్ళొచ్చాడు. ఆ సెల్లు ఆరు రోజులొచ్చింది. దాని తర్వాతిది అయిదు రోజులొచ్చింది.

ఫణికుమార్ మిషనుకి మాత్రం ఏమీ కాలేదు. వాడు ఒట్టి బద్ధకస్తుడు. నీళ్ళలోంచి వచ్చాక దాన్ని అలాగే మేకుకి తగిలించేసేవాడు. దాని పట్టీ మీద ఉప్పు తెల్లగా పొడలు కట్టి ఉండేది. అయినా మొదటి సెల్లుతోనే నిక్షేపంలా వెలుగుతోంది. రాజబాబు తన మిషన్ని చంటిపిల్లాడిలా చూసుకునేవాడు. రోజూ సాయంత్రం చేతికున్నది విప్పి నానమ్మకిచ్చేవాడు. ఆమె దాన్ని గాలి గొట్టాలతో పాటు డ్రమ్ములోకి జారవిడిచేది, పొద్దున్నే తీసి పైటచెంగుతో తుడిచి ఆయన చొక్కా మీద పెట్టేది. ఇంత చేసినా అదే చస్తోంది.

మిషను చచ్చిన రోజున రాజబాబు బోటు అంచు మీద కూర్చుని తాడు పట్టుకునేవాడు, ఫణికుమార్ దిగేవాడు. ఒకరోజు ఇంజనీరు వచ్చి చూసి, "ఉస్తాద్ కో ఆరామ్ దో," అన్నాడు. విశ్రాంతి ఇవ్వమని మంచిగానే అన్నాడు. కానీ ఆ ఆరామ్ అనే మాట రాజబాబు గొంతులో ముల్లులా దిగింది. నెల సగం దాటింది. ఆయన మిషనులో నాలుగు డైవులున్నాయి, ఫణికుమార్ మిషనులో పదకొండు.

తన వల్ల తప్పు జరగడం లేదని ఆయనకి గట్టి నమ్మకం. తన తప్పు కానప్పుడు ఇంకెవరిదో కావాలి. ఫణికుమార్ ఎవరి మేనల్లుడు? సెల్లులు ఎవరి చేతిలోంచి వస్తున్నాయి? ఆ రెండూ పక్కపక్కన పెట్టుకునేసరికి ఆయనకి దారి స్పష్టంగా కనిపించింది.

సోమవారం పొద్దున్న జెట్టీ మీద, ఇరవై మంది చూస్తుండగా అడిగేశాడు.

"ఏటి దుర్గా, ఆ సెల్లులు ఎక్కడివి?"

"డబ్బాలోవే రాజన్నా. నీ ముందే కదా తీశాను."

"నీ మేనల్లుడి మిషనులో ఉన్నది కూడా అలాంటిదేనా?"

దుర్గారావు చేతిలో చీటీలున్నాయి. వాటిని మడిచి జేబులో పెట్టుకున్నాడు. "నువ్వేం అడుగుతున్నావో సరిగా అడుగు."

"అడగడానికేటుంది? వాడేసిన సెల్లులు తుడిచి నాకిస్తున్నావు. మంచివి మీవాడికి దాచావు. ఈ ముసలాడు పైన కూర్చుంటే గదా మీవాడు కిందికి దిగేది."

"రాజన్నా, ఇంటికెళ్ళి మాట్లాడుకుందాం."

"ఇంటికెళ్తే నీ ఇంట్లో ఉన్నాను గదా, నోరెత్తలేనని నీ ధైర్యం."

అప్పుడే అక్కడికొచ్చిన ఇంజనీరు రెండు మాటలు విని, "లిఖ్ కే దో," అన్నాడు. రాజబాబు అక్కడే రాసిచ్చేశాడు. ఆయన జన్మలో అంత వేగంగా ఏదీ రాయలేదు. తెలుగులో రాసి సంతకం పెడితే, ఆఫీసులో గుమాస్తా దాన్ని హిందీలోకి మార్చుకున్నాడు.

ఆ సాయంత్రం ట్యాంకరు వచ్చింది. దుర్గారావు ఎప్పటిలాగే లుంగీ ఎగ్గట్టి, ఆరు క్యాన్లు మోసి డ్రమ్ము నింపాడు. రాజబాబు గదిలో గోడవైపు తిరిగి పడుకుని, క్యాను ఖాళీ అయినప్పుడల్లా వచ్చే చప్పుడు విన్నాడు. ఆరుసార్లు విన్నాడు.

బుధవారం దుర్గారావు స్టోరు తాళాలు ఇంజనీరు బల్ల మీద పెట్టేశాడు. విచారణ అయ్యేదాకా గేటు దగ్గర స్టూలు మీద కూర్చుని బండ్ల నంబర్లు రాయమన్నారు. సీలు విప్పని సెల్లొకటి ఇంజనీరే తన చేత్తో తీసిచ్చాడు, ఫణికుమార్ దాన్ని అందరి ముందూ బిగించాడు. ఆ రోజు రాజబాబు దిగి వచ్చాడు, మిషను వెలుగుతూనే ఉంది.

"చూశారా? సీలున్న సెల్లు పడేసరికి ఎలా వెలుగుతోందో," అన్నాడు. గేటు దాకా వినిపించేలా అన్నాడు.

గురువారం పొద్దున అయిదింటికే తెల్లారింది. నానమ్మ పైపు దగ్గర వరసలో నిలబడడానికి వెళ్ళింది. ముఖం కడుక్కుందామని రాజబాబే పెరట్లోకొచ్చి డ్రమ్ము మూత తీశాడు. చెంబు ముంచబోతూ ఆగిపోయాడు. అడుగున, గాలి గొట్టాల మధ్య, చిన్న కిటికీలాగా ఏదో వెలుగుతోంది.

చెయ్యి భుజం దాకా ముంచి, ముఖం నీళ్ళకి ఆనించి చూశాడు. లోతు సున్నా పాయింట్ ఏడు. సమయం పదకొండు గంటల ముప్పై తొమ్మిది నిమిషాలు. చూస్తుండగానే తొమ్మిది పోయి నలభై పడింది.

నీళ్ళలోకి వెళ్తే మిషను తనంతట తానే లేస్తుందని, పైకొస్తే తనంతట తానే పడుకుంటుందని ఆయనకి తెలుసు. అందుకే కదా దానికి స్విచ్చి లేదు. తెలిసీ ఒక్కరోజు కూడా ఆలోచించలేదు. సముద్రమేదో డ్రమ్మేదో దానికెలా తెలుస్తుంది? అర మీటరు నీళ్ళుంటే చాలు, డైవరు నీళ్ళలో ఉన్నాడనే అనుకుంటుంది. ఒక రాత్రి నిద్ర చేసి రమ్మని పంపితే, అది రాత్రంతా కళ్ళు తెరుచుకుని ఆయన ప్రాణానికి కాపలా కాసింది. రోజూ కాసింది. అలా కాసి కాసి చచ్చిపోయేది.

పైకి తీశాడు. డైవు అయిపోయిందన్నట్టు మిషను ఒక కూత కూసింది. పట్టు మార్చుకోబోతే కింది బటను మీద లావు బొటనవేలు పడి అలాగే ఉండిపోయింది. అంతవరకూ ఎన్నడూ చూడని పేజీ ఒకటి తెరుచుకుంది. ఇన్నాళ్ళూ ఒక్క మాట వినని మిషను ఆ రోజు అడక్కుండానే అంతా చెప్పింది. ఒకదాని కింద ఒకటి, మొదటి రోజు నుంచీ. సముద్రంలో డైవులు అయిదు. డ్రమ్ములో పద్దెనిమిది.

పంచెతో తుడిచి మేకుకి తగిలించాడు. నానమ్మ బిందెతో వచ్చింది.

"దీన్ని ఇక మీద నీళ్ళలో వెయ్యకు," అన్నాడు.

"ఎందుకు? ఉప్పో?"

"వెయ్యకన్నానా!"

ఆమె మిషను వంక చూసింది, డ్రమ్ము వంక చూసింది, ఆయన ముఖం వంక చూసింది. బిందె డ్రమ్ములో ఒంపింది. సగం అప్పుడే కనిపెట్టేశానని ఇప్పుడంటుంది.

గురువారం, శుక్రవారం, శనివారం. మూడు రోజులు రాజబాబు నోరు విప్పలేదు. మూడు రోజులని నానమ్మ లెక్క. డ్యూటీకి వెళ్ళాలంటే గేటు దాటాలి, గేటు దగ్గర స్టూలు ఉంది. గురువారం దుర్గారావే అడిగాడు.

"మిషను బాగుందా రాజన్నా?"

"బాగానే ఉంది."

"పోనీలే," అని మళ్ళీ బండి నంబరు రాసుకున్నాడు.

ఆ రాత్రి శేషమ్మ అన్నం వడ్డించింది. పులుసు ఇంకొంచెం వేసుకోమంది. వేసుకున్నాడు. తిన్నాడు. చెప్పేద్దామని నోరు తెరిచినప్పుడల్లా జెట్టీ మీద ఇరవై ముఖాలు కనిపించేవి. ఉస్తాద్ కంప్యూటర్ని డ్రమ్ములో నానబెట్టాడు, ఊరగాయ ముక్కలాగా! ఇక ఎవడు తాడు అందుకుంటాడు తనకి? సెల్లు ఇప్పుడు బాగానే ఉంది, విచారణలో దుర్గాని నాలుగు తిట్లు తిట్టి వదిలేస్తారు, తర్వాత అంతా మామూలైపోతుంది, అని తనకి తాను చెప్పుకునేవాడు. శనివారం మధ్యాహ్నం ఫణికుమార్ బోటులో పక్కన కూర్చుని, సముద్రం వైపు చూస్తూ చెప్పాడు.

"ఉస్తాద్, మావయ్యని క్యాంప్‌బెల్ బే పంపేస్తారంట. ఓడలో రెండు రాత్రుల దూరం. తప్పు ఒప్పుకుని కాయితం మీద సంతకం పెడితే అంతటితో వదిలేస్తామన్నారు. పెట్టేస్తానంటున్నాడు. అలసిపోయాడు."

రాజబాబు తాడు చుట్ట చుడుతూనే ఉన్నాడు.

సోమవారం ఇంజనీరు గదిలో అందరూ నిలబడ్డారు. కాయితం బల్ల మీద ఉంది. దుర్గారావు చొక్కా జేబులోంచి పెన్ను తీసి మూత విప్పాడు.

"ఆగు దుర్గా," అన్నాడు రాజబాబు. చేతికున్న మిషను విప్పి కాయితం మీద పెట్టాడు. "ఫణీ, చదువు."

"ఏం చదవాలి ఉస్తాద్?"

"కింది బటను మూడు సెకన్లు నొక్కి పట్టు. లోపల రాసుంటాది. గట్టిగా చదువు, అందరికీ వినబడాల."

ఆ బటను సంగతి ఉస్తాద్‌కి ఎలా తెలిసిందో ఫణికుమార్‌కి అంతుబట్టలేదు. నొక్కి చదివాడు.

"పన్నెండు మీటర్లు, ఎనిమిది నిమిషాలు. తర్వాత... సున్నా పాయింట్ ఏడు మీటరు, పదకొండు గంటల ఇరవై నిమిషాలు." ఆగాడు. "సున్నా పాయింట్ ఏడు, పదకొండు గంటల అయిదు. సున్నా పాయింట్ ఏడు..."

"ఆపకు."

పద్దెనిమిదీ చదివించాడు. ఇంజనీరు మిషను లాక్కుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"యే తో పాగల్ హో గయా. మిషను ఖరాబు. వాపస్ పంపించేద్దాం. కేసు క్లోజ్."

తలుపు తెరిచి చూపించినట్టే. దుర్గారావు బయటపడిపోతాడు, రాజబాబూ బయటపడిపోతాడు. తప్పంతా మిషను మీదికి పోయి ఓడెక్కి వెళ్ళిపోతుంది. రాజబాబు ఒక్క క్షణం ఆ దారి చూశాడు. చూశానని ఆయనే చెప్పాడు.

"పాగల్ మిషను కాదు సాబ్," అన్నాడు. తర్వాత వచ్చీరాని హిందీలో, డ్రమ్ము గురించి, తుప్పు గురించి, ఇంట్లో తాను చేసిన శాసనం గురించి అంతా చెప్పాడు. "సెల్లులు మంచివే. నేనే చంపాను."

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ తర్వాత ఆగలేదు. గుమాస్తా బల్ల పట్టుకుని నవ్వాడు, ఇంజనీరు కళ్ళజోడు తీసి నవ్వాడు, పాపం ఫణికుమార్ కూడా గోడవైపు తిరిగి భుజాలు కదిలించాడు. దుర్గారావు నవ్వలేదు. ఒక్కటే అడిగాడు.

"ఎప్పుడు తెలిసింది?"

అబద్ధమాడి ఉంటే సరిపోయేది. ఈ పొద్దున్నే అని ఉంటే అదీ ఒక నవ్వులో కొట్టుకుపోయేది.

"గురువారం," అన్నాడు రాజబాబు.

దుర్గారావు పెన్నుకి మూత పెట్టుకుని జేబులో పెట్టుకున్నాడు. బల్ల మీది తాళాలు తీసుకుని స్టోరుకి వెళ్ళిపోయాడు.

రాజబాబుని ఏడాది పాటు నీళ్ళలోకి దిగనివ్వలేదు. పైన కూర్చుని ఫణికుమార్ తాడు పట్టుకున్నాడు. జెట్టీ మీద ఆయన పేరు డ్రమ్ము ఉస్తాద్ అయిపోయింది. బోటు దిగేవాళ్ళు, "ఉస్తాద్, ఈ రోజు బకెట్లో ఎంత లోతు?" అని అడిగి పోయేవారు. అవన్నీ ఆయన తట్టుకున్నాడు. తట్టుకోలేనిది వేరే ఉంది. ఆ సోమవారం సాయంత్రం దుర్గారావు ఇంటికొచ్చి, వసారాలో కూర్చున్న ఆయన్ని చూసి, "కొంచెం పక్కకి జరుగుతారా రాజబాబు గారూ, క్యాన్లు లోపలికి తేవాలి," అన్నాడు. అంతే. రాజన్నా అన్న మాట మళ్ళీ ఆ నోట రాలేదు. శేషమ్మ ఎవరినీ ఏమీ అనలేదు గానీ, వారం తిరిగేసరికి నానమ్మకి వేరే కిరోసిన్ స్టవ్ వచ్చింది.

వానల్లోపే వీళ్ళు చౌల్దారీ అనే పల్లెకి మారిపోయారు. సామాను దింపాక చూస్తే లారీలో నీలం డ్రమ్ము కూడా ఉంది. తమది కాదని నానమ్మ అంటే, "స్టోర్‌కీపరు గారే ఎక్కించమన్నారు," అన్నాడు డ్రైవరు. ఎందుకు పంపాడో ఎవరికీ తెలియదు. తాతయ్య అడగలేదు.

డ్రమ్ము ఇప్పటికీ మా పెరట్లోనే ఉంది. నేను పుట్టాక నాకు స్నానాలన్నీ ఆ నీళ్ళతోనే. తాతయ్య మాత్రం బావి దగ్గరికెళ్ళి చేదుకుని పోసుకుంటాడు. రిటైరయ్యేదాకా మళ్ళీ డైవులు చేశాడు, మిషను సెట్ చేయడంలో ఆఫీసు మొత్తానికి ఆయనే దిట్ట అయ్యాడని ఫణి బాబాయి చెబుతాడు. దుర్గారావు గారు రిటైరై గాజువాకలో ఉంటున్నారు. క్రిస్మస్‌కి తాతయ్య ఫోను చేస్తాడు. నంబరు నేనే నొక్కిపెడతాను. "బాగున్నారా రాజబాబు గారూ," అని అవతలి గొంతు అంటుంది. తాతయ్య బాగున్నానంటాడు. ఇంకేదో అనడానికి ఊపిరి తీసుకుంటాడు. తొమ్మిది చరణాలకి సరిపోయేంత ఊపిరి. తర్వాత శేషమ్మ గారిని అడిగానని చెప్పమని పెట్టేస్తాడు.

ఇదంతా రాసి నిన్న సాయంత్రం తాతయ్యకి చదివి వినిపించాను. వసారాలో కూర్చుని వక్కలు ఒలుస్తున్నాడు. పళ్ళసెట్టు దగ్గర నవ్వలేదు, రెండో రాకడ దగ్గర నవ్వలేదు. లోపల నానమ్మ మాత్రం రెండుచోట్లా నవ్వింది. అయిపోయాక ఎలా ఉందని అడిగాను. వక్క ఒలిచి బుట్టలో వేసి, ఇంకొకటి చేతిలోకి తీసుకుని అన్నాడు:

"మూడు రోజులు కాదే, నాలుగు. ఆదివారం వదిలేశావు. ఆ రోజు చర్చిలో లేచి నిలబడి సాక్ష్యం కూడా చెప్పాను, ఇదొక్కటి తప్ప అన్నీ చెప్పాను. దిద్దు."